సన్మాన పత్రంలో కొట్టేసిన వాక్యం

1957లో నన్ను జూనియర్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా పల్నాడు వేశారు. ఊళ్లు తిరిగి ప్రాథమిక పాఠశాలలు తనిఖీ చేసి, చూసింది విజిట్ బుక్కులో రాసి సంతకం పెట్టడం మా పని. మా పైఅధికారి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు దేవదానంగారు. మాలపల్లెలో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, మా వైపు ఆ కుర్చీ దాకా వచ్చిన మొదటి మనిషి.

పిడుగురాళ్ల దారిలో ఒక ఊరి బడిలో మాలపల్లె పిల్లలను విడిగా వరండాలో కూర్చోబెట్టేవారు. దేవదానంగారు వాళ్లను లోపలికి పంపమని ఆర్డరు వేశారు. అంతటితో ఊరుకోకుండా నెలనెలా స్వయంగా వెళ్లి చూసుకునేవారు. ఊరు పళ్లు నూరింది గాని ఎదురు చెప్పలేకపోయింది.

మరుసటి ఏడు ఆయన రిటైరయ్యారు. ఆ బడిలోనే సన్మానం చేద్దామని టీచర్లు పట్టుబట్టారు. పైఅధికారులు వస్తారనగానే ఊరి మునసబు కూడా సరేనన్నాడు. సభలో చదివి, ఫ్రేము కట్టించి ఇచ్చే సన్మాన పత్రం రాసే పని నాకు పడింది. వరండా సంగతే మొదటి వాక్యంగా రాశాను.

అచ్చుకు పంపేముందు మునసబు చూశాడు. “ఏందండీ ఇది? పెద్దమనిషిని గౌరవిద్దామంటే పాత రచ్చ లేపుతారా? ఆ ముక్క తీసెయ్యండి, లేకపోతే సభా లేదు, గిభా లేదు” అన్నాడు.

నామీద అర్జీ పెడతాడని భయపడి కొట్టేశాను. సిగ్గుమాలిన పని. ఆ చోట “విద్యాభివృద్ధికి అవిరళ కృషి” అని అతికించాను.

సభలో నేనే చదివాను. చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. దేవదానంగారు పత్రం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదువుకున్నారు. “ఇందులో నేను లేనయ్యా. ఎవరో మంచాయన ఉన్నాడు” అని నాతో మెల్లగా అన్నారు.

మూడు వారాలకు తనిఖీకి వెళితే పల్లె పిల్లలు మళ్లీ వరండాలో ఉన్నారు. హెడ్మాస్టరు మీద మండిపడ్డాను.

“నన్నేం చెయ్యమంటారండీ? సభలో మీరే ఆ మాట ఎత్తలేదు గదా. ఆ ఆర్డరు ఆయనతోనే పోయిందని మునసబుగారు బయట కూర్చోబెట్టమన్నారు” అన్నాడాయన.

అక్కడికక్కడే పిల్లలను లోపలికి పంపి, విజిట్ బుక్కులో ఆర్డరు రాశాను. నేను బస్సెక్కగానే మళ్లీ బయటికి తోశారట. ఆ ఏడాదంతా ఆ బడి చుట్టూ తిరిగితే గాని ఆర్డరు నిలబడలేదు. ఈలోపు ముగ్గురు పిల్లలు బడి మానేసి సున్నపు బట్టీల్లో పనికి కుదిరారు. ఇళ్లకు వెళ్లి అడిగినా తిరిగి రాలేదు.

మనిషికి శాలువా కప్పడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఆయన చేసిన పని ఎత్తనంత వరకు. ఆఫీసరు రాయకుండా వదిలేసింది కూడా ఊళ్లో ఆర్డరుగానే చెల్లుతుంది. అది నేర్చుకుంది నేను, చదువు పోయింది వాళ్లకి.