నాలుగు మెట్లు, మూడు మెట్లు

1951 ఆగస్టులో మత్తయ్య తనకెవరూ చూపించని మూడు స్వరాల కార్డు ఒకటి సొంత లెక్కతో కట్టి గిటారు మీద పలికించాడు. బంట్వారం బడిలో నాలుగో తరగతి దాటనివాడు, తాండూరు గనిలో నాపరాయి పలకలు తీసేవాడు, మాస్టరు లేకుండా, పుస్తకం లేకుండా సాధించిన పని ఇది. ఈ చుట్టుపక్కల అంతకుముందు ఎవరైనా చేశారేమో చెప్పమనండి.

గిటారు ఇస్మాయిల్‌ది. సికింద్రాబాద్‌లో ఒక హోటలు బ్యాండులో వాయించినవాడు. 1948లో రాజ్యం మారి ఆ హోటలు మూతపడ్డాక తాండూరు వచ్చి సైకిళ్లు బాగుచేసుకుంటున్నాడు. అతనికి వచ్చినవి మూడే కార్డులు. మూడు స్వరాలు ఒక్కసారే కలిసి పలికితే దాన్ని కార్డంటారని చెప్పి, వేళ్లు ఎక్కడ నొక్కాలో చూపించాడు.

"గిక్కడనే ఎందుకు నొక్కాలె, ఇస్మాయిల్ భాయ్?"

"అరె, మా ఉస్తాద్ గట్ల చూపిండు, నేను గట్ల నొక్కుతున్న. నీకు ఎందుకన్నది గావాల్నా, పాట గావాల్నా?"

"రెండూ గావాలె."

"అయితే నీకు నిద్ర గూడ రాదు పో," అని నవ్వి ఇస్మాయిల్ గిటారు అతని చేతిలో పెట్టాడు.

ఆ వానాకాలం గనిలో నీళ్లు నిండి పని ఆగింది. మత్తయ్య ఒక నాపరాయి పలక మీద సుద్దతో గీతలు గీశాడు. గిటారు మెడ మీద అడ్డంగా ఎన్ని ఇనుప మెట్లుంటే పలక మీద అన్ని గీతలు. కార్డులోని ఒక్కో తీగను విడిగా మీటి, అదే స్వరం లావు తీగ మీద ఎన్నో మెట్టులో దొరుకుతుందో చెవితో వెతికి గుర్తు పెట్టాడు. ఇరవై రోజులు పట్టింది. ఆరు తీగలున్నా స్వరాలు మూడే. అవే కిందా మీదా మళ్లీ వస్తున్నాయి. ఆ మూడింటి మధ్య దూరం లెక్కపెట్టాడు. మొదటి స్వరం నుంచి నాలుగు మెట్లు, అక్కడి నుంచి మూడు మెట్లు. రెండో కార్డుకూ అంతే, మూడోదానికీ అంతే. అలాగైతే ఏ మెట్టు నుంచి బయలుదేరినా నాలుగూ మూడూ ఎక్కితే కార్డు పుట్టాలి కదా! ఇస్మాయిల్ ఎరగని చోట నుంచి లెక్కపెట్టి నొక్కాడు. పలికింది. ఇస్మాయిల్ చేతిలోని ట్యూబు కింద పడేసి, మళ్లీ వాయించమన్నాడు.

ముందు మూడు, తర్వాత నాలుగు ఎక్కితే అదే కార్డు దిగులు పడుతుందని 1952లో కనుక్కున్నాడు. నడిమి స్వరం ఒక్క మెట్టు వెనక్కి జరిగితేనే అంత తేడా. మొదటి కార్డు నెత్తిన ఇంకో మూడు మెట్లు వేస్తే పాట నిలవలేక ఇంటికి పోదామంటుందని 1953లో కనుక్కున్నాడు. 1954 నుంచి ప్రతి ఆదివారం ప్యాసింజరెక్కి వికారాబాద్ వచ్చి క్రైస్తవుల గుడిలో వాయించాడు. తొమ్మిదేళ్లలో తప్పింది రెండు ఆదివారాలు. పదకొండు మందికి గిటారు నేర్పాడు.

ఆ గుడిలో ఒక ఆచారం ఉంది. సంఘంలో అందరికన్నా పెద్దావిడ పాట ఎత్తాలి. ఆ పెద్దావిడ నాగవ్వ. ఆ రోజు ఆమె గొంతు ఎక్కడుంటే పాట అక్కడే మొదలవుతుంది. పైకి పొమ్మని, కిందికి రమ్మని ఆమెకు ఎవరూ చెప్పరు. చేతి పట్లు కంఠస్థం చేసినవాడు అక్కడ నిలవలేడు. మత్తయ్య మాత్రం నాగవ్వ తీసిన మొదటి మాటలోనే ఆమె మెట్టు పట్టుకొని, అక్కడి నుంచి నాలుగూ మూడూ లెక్కపెట్టుకొని వెంట నడిచేవాడు.

1963లో సంఘం పాటల మాస్టరు ఉద్యోగం పెట్టింది. రాతి దుమ్ముతో దగ్గు పట్టిన మత్తయ్యకు ఆ ఉద్యోగమొక్కటే కావాలి. అది తనదేననుకున్నాడు. ఇంకెవరున్నారు గనక?

ఎంకయ్య ఉన్నాడు. మత్తయ్య దగ్గర రెండేళ్లు నేర్చుకొని, హైదరాబాద్‌లో ఆరు నెలలుండి, ఒక సర్టిఫికెట్టుతో దిగాడు. ఆగస్టులో ఒక ఆదివారం సంఘం పెద్ద హన్మయ్య ఎంకయ్యను ముందు కూర్చోబెట్టాడు. నాగవ్వ పాట ఎత్తింది. ఎంకయ్య వేళ్లు రెండుసార్లు తడబడ్డాయి. చెయ్యెత్తి పాట ఆపాడు.

"అవ్వా, జర ఆగు. గా శ్రుతిల నాకు కుదరది. గిక్కడ నుంచి ఎత్తు."

"నా గొంతును నేనేడికి తీస్కపోదు కొడుకా? ఇయ్యాల గిక్కడనే ఉన్నది."

వెనక వరసలోంచి మత్తయ్య గిటారు మోగింది. నాగవ్వ మళ్లీ అదే గొంతుతో ఎత్తింది. ఐదు చరణాలూ ఎక్కడా తొణకకుండా నడిచాయి. ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

ఆరాధన అయ్యాక హన్మయ్య వరండాలోకి పిలిచాడు.

"మస్తు వాయించినవ్ మత్తయ్యా. గని ఎంకయ్యకు కాయితమున్నది. నీదేది?"

"నేను పలక మీద రాసుకున్న."

"పలకను ఫైలుల వెడ్తరా?" అన్నాడు హన్మయ్య. పక్కనున్నవాళ్లు నవ్వారు. "సరే, నువ్వు కొట్టిన కార్డు పేరేందో చెప్పు."

మత్తయ్య దగ్గర దానికి పేరు లేదు. అది ఎట్లా పుట్టిందో చెప్పగలడు, దాన్ని ఏడిపించగలడు, నవ్వించగలడు. "నాలుగు మెట్లు, మూడు మెట్లు," అన్నాడు. ఎంకయ్య తల దించుకొని మెల్లగా ఆ కార్డు పేరుగా ఇంగ్లీషు అక్షరం ఒకటి చెప్పాడు. ఉద్యోగం ఆ అక్షరానికి పోయింది.

మరుసటి ఆదివారం నుంచి పాట ఎంకయ్య చెప్పిన చోట మొదలవుతోంది. నాగవ్వ వస్తుంది, కూర్చుంటుంది, పెదవి కదపదు.

అక్టోబరులో మత్తయ్య బట్టలు సర్దుకున్నాడు. సికింద్రాబాద్‌లో పగలంతా ఇళ్లకు బండలు పరచడం, సాయంత్రం ఒక సంగీతం బడిలో పిల్లల వరసలో కూర్చొని మొదటి పరీక్షకు చదవడం. పన్నెండేళ్ల కింద తాను కనుక్కున్నదానికి నలభై ఒకటో ఏట పేర్లు నేర్చుకోవడానికి పోతున్నాడు. భార్య భాగమ్మ రొట్టెలు మూట కడుతూ అడిగింది.

"కాయితం తెస్తే నౌకరి ఇస్తరా?"

"ఇయ్యరు. ఎంకయ్యను తియ్యరు."

"మరి గీ వయసుల గా పిల్లల నడుమ కూసునుడెందుకయ్యా? సిగ్గు గాదా?"

"సిగ్గే. గని కాయితమేదని మళ్ల నన్నెవ్వడు అడగొద్దు."

ఆమె మూట ముడి గట్టిగా బిగించింది. మార్చి రెండో వారంలో పరీక్ష. అది ముగించుకొని, కాయితం చేతికి తీసుకొని, ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు తాండూరులో దిగుతానని చెప్పి మత్తయ్య రైలెక్కాడు. అంటే 1964 మార్చి 21, శనివారం.