మా పెదనాయన లేచి నిలబడ్డ సినిమా

పెదనాయన పోయాడన్న కబురు నాకు తిరువళ్ళూరు ఆఫీసులో తెలిసింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పొదటూరుపేట పోస్టాఫీసు నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. "పెదనాయన పోయినాడక్కా. బయల్దేరి రా" అన్నాడు. సరేనని ఫోను పెట్టేశాను. టైపు మిషన్‌లో సగం కొట్టిన కాగితం ఉంది. కూర్చుని దాన్ని పూర్తి చేశాను. ఒక్క తప్పు కూడా పడలేదు. తర్వాత సెలవు చీటీ రాసిచ్చి, తెరవని టిఫిను డబ్బాను సంచిలో వేసుకుని స్టేషనుకు నడిచాను. తిరుత్తణి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. దారి పొడుగునా కిటికీ పక్కనే కూర్చున్నాను. ఏం చూశానో ఇప్పుడు గుర్తు లేదు.

ఇది జరిగి ఇరవై రోజులైంది. నాకు ఇంకా ఏడుపు రాలేదు.

మా నాయన పోయిన నాడు నాకు పదమూడేళ్ళు. పళ్ళెం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. పెదనాయన వచ్చి పక్కన చతికిలబడి, "ముందు తిను పాపా. ఏడ్చేది యాడికీ పోదు" అన్నాడు. ఈసారి ఆ మాట చెప్పే మనిషి లేడు గనక నాకు నేనే చెప్పుకున్నాను. తిన్నాను. ఆఫీసుకు పోతున్నాను. ఏడుపు మాత్రం ఎక్కడికో పోయినట్టే ఉంది. ఆయన గురించి రాస్తే వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను. రాకపోయినా, ఆయన ఎట్లాంటి మనిషో చదివేవాళ్ళలో నలుగురికైనా తెలుస్తుంది.

ఆయన నేతగాడు. మనిషి పొట్టి, కాళ్ళు సన్నం, భుజాలు మాత్రం గట్టివి. తెగిన పోగులు ముడివేయడానికి కావలసిన నూలు ముక్కలను చెవి మీద పెట్టుకునేవాడు, గుమాస్తాలు పెన్సిలు పెట్టుకున్నట్టు. ఎర్రవి ఒక చెవి మీద, నీలివి ఇంకో చెవి మీద. అట్లాగే అంగడికి పోయేవాడు, గుడికి పోయేవాడు, ఒకసారి పెళ్ళికి కూడా పోయాడు. కాఫీ మాత్రం ఎప్పుడూ నిలబడే తాగేవాడు. కూర్చుంటే మగ్గం దగ్గరే కూర్చోవాలన్నట్టు ఉండేది ఆయన తీరు.

మా ఊళ్ళో చీరలు నేసేవాళ్ళకున్న మర్యాద రుమాళ్ళు నేసేవాళ్ళకు లేదు. పెదనాయన నేసేది రుమాళ్ళు. పేరుకే రుమాలు, ఎనిమిది గజాల తాను, ఎర్ర నీలి గళ్ళు, మధ్యలో సన్నటి తెల్ల గీత. మద్రాసు షావుకారు నూలు ఇస్తాడు, నేసిన తాన్లు తీసుకుంటాడు, అవి ఓడలో ఆఫ్రికాకు పోతాయి. అంతకు మించి ఎవరికీ తెలియదు. ఊళ్ళో దాని పేరు 'నల్లోళ్ళ గుడ్డ'. నేనూ అట్లాగే అనేదాన్ని. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అన్నాను గనక రాస్తున్నాను.

పదేళ్ళ కిందట నేను మద్రాసులో హాస్టల్లో ఉండి టైపు నేర్చుకుంటూ ఉన్నాను. ఒక రోజు పొద్దున్నే పెదనాయన భుజాన మూటతో హాస్టలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. షావుకారు ఆరు తాన్లు తిప్పి పంపాడని, మాట్లాడాలి రమ్మని అన్నాడు. ఇద్దరం ప్యారిస్ కార్నర్ దగ్గర షావుకారు కొట్టుకు పోయాం. షావుకారు కోప్పడలేదు. ఒక తాను పరిచి, ఒక చోట వేలు పెట్టి చూపించాడు. తెల్ల గీతలో ఒక పోగు లేదు. జానెడు దూరం పోయి మళ్ళీ వచ్చింది. అక్కడివాళ్ళు ఇట్లాంటివి కొనరని చెప్పాడు.

పెదనాయనకు అవమానమైంది. "సముద్రం అవతల ఎవురు సామీ ఈ పోగు లెక్కబెట్టేది?" అన్నాడు. షావుకారు తాను మడిచి మూటలో పెట్టేశాడు.

సాయంత్రం బండి దాకా చాలా పొద్దుంది. ఎండలో సెంట్రల్ స్టేషను వైపు నడుస్తున్నాం. దారిలో ఒక పాత హాలు గేటుకు పెద్ద బొమ్మ కట్టి ఉంది. నల్లజాతి స్త్రీ, నడుముకు గళ్ళ గుడ్డ చుట్టుకుని నవ్వుతోంది. పెదనాయన ఆగిపోయాడు. అక్కడేం రాసుందో చదివి చెప్పమన్నాడు. నల్లజాతి వాళ్ళ బతుకుల మీద, వాళ్ళ ఆటపాటల మీద తీసిన డాక్యుమెంటరీ సినిమాల ఉత్సవమని, వారం రోజులు జరుగుతుందని, ఎవరైనా లోపలికి రావచ్చని చదివి చెప్పాను. ఆయనకు అదంతా పట్టలేదు. బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది మన గుడ్డ" అన్నాడు.

లోపల ముప్పై నలభై మంది ఉన్నారు. చివరి వరుసలో కూర్చున్నాం. మొదటి సినిమా అమెరికాలో పత్తి ఏరేవాళ్ళది. ముసలామె ఒకతె గోతం లాక్కుంటూ చేలో నడుస్తూ పాడుతోంది. ఆమె పాటకంటే ఆమె వేళ్ళనే పెదనాయన చూశాడు. పత్తికాయ ముల్లు గుచ్చుకుని గోళ్ళ పక్కన చీలికలున్నాయి. రెండోది గనుల్లో పనిచేసేవాళ్ళది. ఊరు విడిచి వచ్చిన మగవాళ్ళు, మనిషి మీద మనిషి పడుకున్నట్టుండే గది, గోడకు మేకు, మేకుకు పెళ్ళాం ఫోటో. నేను ఇంగ్లీషు మాటలను గుసగుసగా తెలుగులో చెబుతున్నాను. కాసేపటికి వద్దన్నాడు. తెలుస్తోందన్నాడు.

మూడో సినిమా ఒక ఏటి ఒడ్డు ఊరిది. అక్కడ ఒక అవ్వ చనిపోయింది. కూతుళ్ళు, మనవరాళ్ళు ఆమె కోసం మంచం సింగారిస్తున్నారు. పెట్టె తెరిచి తరతరాలుగా దాచిన గుడ్డలు తీసి, మడత మీద మడత పేర్చి, గోడలకు కూడా కడుతున్నారు. పెద్దామె ఒకతె ప్రతి గుడ్డనూ వెలుతురుకు పట్టి చూసి, తలూపాకే పరవనిస్తోంది. కెమెరా మంచం దగ్గరికి పోయింది. ఎర్ర నీలి గళ్ళు, మధ్యలో తెల్ల గీత. దాని మీద అవ్వ చెయ్యి.

పెదనాయన లేచి నిలబడ్డాడు. ఎవరో కూర్చోమన్నారు. నేను చొక్కా పట్టుకుని లాగాను. ఆయన కూర్చోలేదు. ఆ సినిమా అయ్యేదాకా, రెండు చేతులూ ముందు కట్టుకుని, శవం లేచే ఇంటి ముందు నిలబడినట్టు నిలబడ్డాడు.

బయటికి వచ్చాక ఒక ఆఫ్రికా విద్యార్థి మా దగ్గరికి వచ్చాడు. మద్రాసులో వ్యవసాయం చదువుతున్నాడట. మీ పెద్దాయనకు ఒంట్లో బాగాలేదా అని నన్ను అడిగాడు. ఆ గుడ్డ నేసేది ఈయనే అని చెప్పాను. అతను నమ్మలేదు. పెదనాయన హాలు మెట్ల మీదే మూట విప్పాడు.

ఆ అబ్బాయి తానును ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. వాళ్ళ అవ్వ పెట్టె తెరిస్తే ఇదే వాసన అన్నాడు. తర్వాత వేళ్ళతో గుడ్డ తడుముతూ పోయి ఒక చోట ఆగాడు. షావుకారు వేలు పెట్టిన చోటే. చటుక్కున చెయ్యి తీసేశాడు. పెదనాయన చూశాడు. ఇట్లాంటిది వాళ్ళ అవ్వ ఒప్పుకుంటుందా అడగమన్నాడు నన్ను. ఆ అబ్బాయి తల వంచుకుని, వాడుకోవడానికైతే పరవాలేదు గానీ మంచం మీదికి పనికి రాదన్నాడు. చూడవచ్చినవాళ్ళు, పోయిన మనిషిని ఇంట్లోవాళ్ళు తక్కువ చేశారనుకుంటారట. నేను దాన్ని కాస్త మెత్తగా మార్చి చెప్పబోయాను.

"మెత్తగా చెప్పబాక పాపా. ఆయన మొగంలోనే ఉండాది" అన్నాడు పెదనాయన. తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగి తెలుగులోనే చెప్పాడు. "ఇది నీకియ్యను నాయనా. మీ అవ్వకి ఒకటి నేసిస్తా. వచ్చి తీసకపో." దాన్ని ఇంగ్లీషులో చెప్పి, నా అడ్రసు రాసిచ్చాను.

సెంట్రల్‌లో బండి ఎక్కించడానికి పోయి నేను కూడా ఎక్కేశాను. ఆయన్ను ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండి తిరువళ్ళూరు దాటింది. అప్పుడు అన్నాడు. "నేను చూసినా పాపా. ఆ పోగు తెగినప్పుడే చూసినా. చూసి ఇడిసిపెట్టినా. నల్లోళ్ళకి కదా, ఎవురు చూడొచ్చినారులే అనుకున్నా."

ఆ తర్వాత 'నల్లోళ్ళు' అన్న మాట ఆయన నోట మళ్ళీ నేను వినలేదు. ఆ ఆరు తాన్లనూ చించి తువాళ్ళు చేసుకుని తనే వాడాడు. పక్క మగ్గాల పిల్లలకు పని నేర్పేటప్పుడు, "తెగిన పోగు చూసినోడిదే" అనేవాడు. చూసినవాడే ముడి వేయాలని. ఎందుకంటున్నాడో వాళ్ళకు తెలియదు.

అవ్వ కోసం నేసే తానుకు నూలు తానే ఎంచుకున్నాడు, అద్దకం తానే దగ్గరుండి చూసుకున్నాడు. మా పెదమ్మ నూలు కండెలకు చుట్టింది. నెల దాటాక ఒక ఆదివారం ఆ అబ్బాయి వచ్చాడు. తిరుత్తణి స్టేషనులో నేను కలుసుకుని బస్సులో తీసుకుపోయాను. పొదటూరుపేటలో దిగిన దగ్గర్నుంచీ పిల్లల గుంపు మా వెంట పడింది, 'నల్లోడు, నల్లోడు' అంటూ. పెదనాయన వీధి మొగలోనే ఎదురొచ్చాడు. పిల్లల్ని కొట్టలేదు, తిట్టలేదు. "మన ఇంటికొచ్చిన చుట్టంరా ఆయన. మీ తాతలు నేసిన గుడ్డ వాళ్ళ అవ్వ పెట్లో ఉండాది. పోయి నీళ్ళు తెండి" అన్నాడు. ఇద్దరు నిజంగానే పోయి చెంబుతో నీళ్ళు తెచ్చారు.

ఏం తింటాడో అని పెదమ్మ భయపడింది. అన్నం వండి, ఇంట్లో వాళ్ళకని సంగటి కూడా చేసింది. ఆ అబ్బాయి అన్నం వైపు చూడలేదు. సంగటి ముద్ద గిల్లి, గుండ్రంగా చేసి, పులుసులో ముంచి, నమలకుండా మింగాడు. మా ఇళ్ళల్లో ముసలివాళ్ళు తిన్నట్టే. వాళ్ళ ఊళ్ళోనూ ఇట్లాగే తింటారట. పెదమ్మ ఇంకో ముద్ద వేసింది, ఇంకోటి వేసింది. మగ్గం గుంతలో కూర్చోబెడితే అతని మోకాళ్ళు పైకి తగిలాయి. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తాల్సిన నాడె, అతను విసిరితే నేల మీద పడింది. పెదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడు పెదనాయన తాను తెచ్చి చేతికిచ్చాడు. ఆ అబ్బాయి వెంటనే మడిచి పెట్టుకోలేదు. వాకిట్లో వెలుతురులోకి పోయి ఎనిమిది గజాలూ వేళ్ళ కిందుగా పోనిచ్చాడు. తొందరపడలేదు, మర్యాదకు వదిలేయనూ లేదు. పెదనాయన పరీక్ష పేపరు దిద్దించుకునే పిల్లాడిలాగా పక్కనే నిలబడ్డాడు. ఆఖరి గజం అయ్యాక ఆ అబ్బాయి రెండు చేతులతో తానును గుండెకు ఆనించుకుని నడుము దాకా వంగాడు. పెదనాయన గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అతను చదువు ముగించి వాళ్ళ దేశం పోయాక నా పేరున ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని ఊరికి తీసుకుపోయి చదివి చెప్పాను. అవ్వ తాను వాసన చూసిందట, వెలుతురుకు పట్టి చూసిందట, ఇది నాదే, నా కోసమే ఉంచండి అని పెట్టెలో పెట్టించిందట. అది పరిచిన నాడు జాబు రాస్తానన్నాడు. "అంటే ఇంకా పరవలేదు కదా" అన్నాడు పెదనాయన. లేదన్నాను. "మేలు. ఉండనీ" అన్నాడు.

ఇంకో రెండేళ్ళకు ఆ దేశంలో బయటి గుడ్డ రానివ్వడం ఆపేశారన్నారు. షావుకారు నూలు ఇవ్వడం మానేశాడు. ఊరంతా లుంగీలకు మారింది, పెదనాయన కూడా మారాడు. లుంగీలో పోగు తెగినా అంతే శ్రద్ధగా ఆపి ముడి వేసేవాడు. నేను ఊరికి పోయినప్పుడల్లా, "జాబు వచ్చిందా?" అని అడిగేవాడు. రాలేదంటే, "అయితే ఆయమ్మ బతికే ఉండాది" అనేవాడు. నాకు నమ్మకం ఉండేది కాదు. కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ రోజు నేను చేరేసరికి ఆయన్ను వీధి వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. పైన కప్పింది అంగట్లో తెచ్చిన కొత్త కోరా గుడ్డ. ఇంట్లో రుమాలు తాను ఒక్కటి కూడా లేదు. పెదమ్మ పెట్టె వెతికి చూసిందట. నేను పక్కన కూర్చున్నాను. అందరూ ఏడుస్తున్నారు. నేను గుడ్డ అంచు సర్ది కూర్చున్నాను.

పోయిన వారం ఆ అబ్బాయి పాత అడ్రసుకు, పెదనాయన పోయాడని ఒక ఉత్తరం రాశాను. మూడు వాక్యాలే. అందుతుందో లేదో తెలియదు. అవ్వ ఎట్లా ఉంది అని మాత్రం అడగలేదు.

బతికుండగా ఆయన్ను నేను ఆఖరిసారి చూసింది, పోవడానికి నెల ముందు. అప్పటికే మాట తగ్గిపోయింది. మధ్యాహ్నం అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. నా చీర కొంగు ఆయన చేతి దగ్గర పడి ఉంది. రెండు వేళ్ళతో దాన్ని తీసుకుని, మెల్లగా నలుపుతూ, అంచు వెంట కొంచెం కొంచెంగా జరిపాడు. "మిల్లుదా?" అన్నాడు. అవును పెదనాయనా అన్నాను. తలూపాడు. వేళ్ళు ఆగలేదు. వీధి చివర తిరుత్తణి బస్సు వచ్చి నిలబడి రెండుసార్లు హారను కొట్టింది. నేను లేవాలి. కొంగు ఇంకా ఆయన వేళ్ళ మధ్యనే ఉంది. ఆయన కళ్ళు మూసుకుని, పోగు తర్వాత పోగు, ఆఖరి అంచు దాకా చూసుకుంటూ పోతున్నాడు.