అందరిదీ ఒకటే సద్ది

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ జూపార్కుకు బయలుదేరుతుంటే, మా కోడలు మనవడి తిండి వేరే డబ్బాలో సర్ది, మూత మీద వాడి పేరు రాసి అతికించింది. గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనేదేదో వాడికి పడదని డాక్టర్లు తేల్చి ఆరు నెలలైంది. అలాంటి పిల్లలకు ఎలా వండాలో కోడలు నాకు నేర్పబోయింది, పాపం. నేను నవ్వి ఊరుకున్నాను కానీ, ఆ విద్య మా అమ్మకు పంతొమ్మిది వందల అరవైల్లోనే వచ్చునని, అదీ ఎవరూ నేర్పకుండానే వచ్చునని నా ఈడువాళ్లకైనా చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

మాది ఆలంపూర్‌కు బండి దూరంలో ఉన్న మగ్గాల ఊరు. నాయిన చీరలు నేసేవాడు. జొన్నలు, సజ్జలు తప్ప వేరే ఎరగని ఇంటికి రేషను గోధుమలు కొత్తగా వస్తున్న రోజులవి, గోధుమ రొట్టె తినడమంటే కాస్త గొప్పే. అందరికీ అరిగిన ఆ గోధుమలు మా చెల్లెలికి మాత్రం పడలేదు. పొట్ట ఉబ్బి, విరేచనాలు పట్టి, పిల్ల పుల్లలా అయిపోయింది. దవాఖానలో మందు నీళ్లు పోశారు, అవ్వ దిష్టి తీసింది. అమ్మ మాత్రం పిల్ల ఏ పూట ఏం తిన్నదో మనసులో గుర్తుపెట్టుకుంటూ వచ్చి, చివరికి దొంగను గోధుమల దగ్గర పట్టుకుంది. గోధుమలు మానిపించాక కూడా అప్పుడప్పుడు తిరగబెడుతుంటే, గిర్నీలో మా జొన్నలకు ముందు ఎవరివో గోధుమలు పట్టి ఉంటారనీ, ఆ పిండే మా పిండిలో కలుస్తోందనీ కనిపెట్టింది. ఊరంతా గిర్నీకి పోతున్న కాలంలో మా అమ్మ మూలనపడ్డ ఇసుర్రాయిని మళ్లీ ముందుకు లాగింది. పిసినారిదని నవ్వినవాళ్లు నవ్వారు. బడి గడప తొక్కని మనిషికి ఆ తెలివి ఎక్కడిదో గానీ, తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ఏటా ఎండాకాలం కర్నూలు నుంచి మా మేనత్త, మామ పిల్లలతో వచ్చేవాళ్లు. అందరం రెండు బండ్లు కట్టుకుని ఆలంపూర్ వెళ్లి, అమ్మవారిని చూసుకుని, తుంగభద్ర ఒడ్డున సద్ది విప్పుకునేవాళ్లం. ఆ రోజు సద్దంటే పూరీలే. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని తన చేత్తో ముద్దలు పెట్టడం మేనత్తకు ఇష్టం. ఒక ఏడు, సంగతి తెలియక, చెల్లెలికీ పూరీ తుంచి నోట్లో పెట్టింది. పిల్ల పది రోజులు మంచం దిగలేదు. మేనత్త ఎంత హడలిపోయిందంటే, మరుసటేడు పూరీలు తింటున్న చేత్తో చెల్లెలి దరిదాపులకు కూడా రాలేదు. చెల్లెలు తన చిన్న మూట తాను విప్పుకుని దూరంగా కూర్చుని తిన్నది. ఇంటికొచ్చాక, అత్తకు నా మీద కోపమా అని అమ్మను అడిగింది.

ఆ పై ఏడు ప్రయాణానికి రెండు రోజుల ముందే అమ్మ ఇసుర్రాయి ముందు కూర్చుని, ఈసారి అందరికీ జొన్న రొట్టెలే, సజ్జ మలీదనే అని తేల్చేసింది. రోజూ తినేదే ఊరెళ్లినప్పుడూ తినాలా, ఒడ్డున పదిమందీ చూస్తే ఏమనుకుంటారని అవ్వ సణిగింది. చిన్నదానికి వేరే కట్టి మిగతావాళ్లకు పూరీలు చేయరాదా అని నాయిన నచ్చజెప్పబోయాడు. అమ్మ విసరడం ఆపకుండానే జవాబిచ్చింది.

"ఏరే కడితే పిల్ల ఏరే అయితది. మూట ఒక్కటే కట్టాలె."

పన్నెండు మందికి సరిపడా పిండి విసిరేసరికి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. పెనం బూడిదతో రెండుసార్లు తోమింది, సద్ది కట్టే గుడ్డలు ఉడకబెట్టి ఆరేసింది. రొట్టెలు పలచగా తట్టి కరకరలాడేలా కాల్చింది. వేడి వేడి సజ్జ రొట్టెలను చిదిమి, బెల్లం, నువ్వులు వేసి దంచి మలీద చేసింది. మేనత్త తెచ్చిన బిస్కెట్ల పొట్లం కూడా ఆమె కన్ను దాటిపోలేదు, అటకెక్కింది.

నిజం చెప్పొద్దూ, ఒడ్డున పక్కవాళ్ల పూరీల వాసన వస్తుంటే మా జొన్న రొట్టెలు విప్పడానికి నాకు సిగ్గేసింది. మేనత్త మాత్రం పల్లీల పొడితో రెండు రొట్టెలు తిని, మలీద గిన్నె ఒళ్లో పెట్టుకుని, పిల్లల నోళ్లకు వరసగా ముద్దలు అందిస్తూ వచ్చింది. చెల్లెలి దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. బెదురుగా అమ్మ వైపు చూసింది.

"పెట్టు వదినె. ఇయ్యాల నీ చేతికి ఏం అంటలే," అన్నది అమ్మ.

మేనత్త ముద్ద పెట్టింది, పెడుతూనే కళ్లు ఒత్తుకుంది. చెల్లెలు అది మింగకముందే ఇంకొకదానికి నోరు తెరిచింది. తర్వాత నాయిన దగ్గరకు, సణిగిన అవ్వ దగ్గరకు, మామ దగ్గరకు పోయి అడిగి మరీ తిన్నది. మర్నాడు పొద్దున్నే లేచి ఆడుకోవడానికి పరుగెత్తింది. మా ఇంటామె చెయ్యి అట్లాంటిదని నాయిన మగ్గాల దగ్గర చాన్నాళ్లు చెప్పుకుని తిరిగాడు.

ఆ జబ్బుకు ఒక పేరుందని తెలియకుండానే అమ్మ వెళ్లిపోయింది. ఇప్పుడు పేర్లు తెలిశాయి, పరీక్షలొచ్చాయి, ఏ పిండి కావాలన్నా దుకాణంలో దొరుకుతోంది. అవన్నీ మంచికే, కాదనను. కానీ ఒక్కరి కోసం ఇంట్లో అందరూ తమ నోటి రుచి మార్చుకునే రోజులు మాత్రం వెనకే ఉండిపోయాయి. ఆ మధ్యాహ్నం మా చెల్లెలు, ఇది తినొచ్చా అని ఎవరినీ అడగకుండా, ఎవరి చేతి ముద్దనైనా తిన్నది.