మంచమున్న బండికి డ్రైవరు

దేవీప్రసాద్‌కి చలి కావాలి. అరవై నిండి స్టీల్ ప్లాంట్ నుంచి బయటికొచ్చాక ఎవరు పలకరించినా ఇదే మాట చెప్పేవాడు. విశాఖపట్నంలో ఉంటూ చలి కావాలనడం సముద్రంలో మంచినీళ్లు వెతుక్కోవడమే. కానీ అతని బాధ అతనిది. ముప్పై ఒక్క ఏళ్లు ఉక్కు కరిగించే షాపులో లేడిల్ క్రేను నడిపిన మనిషి. లేడిల్ అంటే కరిగిన ఉక్కు పట్టే గంగాళం. మనం పెళ్లిళ్లలో చూసే గంగాళం కాదు, అందులో ఒక ఆటోని ముంచేయొచ్చు. దాన్ని కొక్కేలకి తగిలించి పైకెత్తి, షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి మోసుకెళ్లి దింపాలి. పైన క్యాబిన్లో కూర్చున్నవాడికి కింద నుంచి సెగ. షెడ్డు పొడవు మూడు వందల మీటర్లు. అంటే ఆ ముప్పై ఒక్క ఏళ్లలో అయ్యగారు చేసిన ప్రయాణమంతా మూడు వందల మీటర్లు ముందుకి, మూడు వందల మీటర్లు వెనక్కి. అదీ పట్టాల మీద.

అందుకని అగనంపూడిలో కట్టుకున్న ఇంటి వరండాలో కూర్చుని ఫోన్లో న్యూజిలాండ్ వీడియో చూసిన రోజున అతని బుర్ర తిరిగిపోయింది. ఒక వ్యాను. వెనక తలుపు తీస్తే మంచం, పక్కన చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల తొట్టి. ఎదురుగా మంచుకొండ. ఒక ముసలి జంట దుప్పట్లు కప్పుకుని టీ తాగుతున్నారు. ఎక్కడ చీకటి పడితే అక్కడ ఆపుకుని పడుకోవచ్చు, హోటలు అక్కర్లేదు. పైగా అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారట. ఇంకేం కావాలి?

కావలసింది చవక. ఈ విషయంలో మాత్రం అతన్ని తక్కువ చేయకూడదు. రెండు నెలలు కూర్చుని మొత్తం ఆరా తీశాడు. తళతళలాడే కొత్త వ్యానులిచ్చే పెద్ద కంపెనీల వైపు చూడకూడదని తెలుసుకున్నాడు. జూన్ నెలలో అక్కడ గడ్డకట్టే చలి, టూరిస్టులు రారు, బండ్లు ఊరికే పడి ఉంటాయి. అప్పుడడిగితే అద్దె సగానికి దిగుతుంది. నాలుగు వారాలకి తక్కువ కాకుండా తీసుకుంటే ఇంకా దిగుతుంది. పక్కబట్టలు మనవే తెచ్చుకుంటామంటే ఇంకాస్త. అందరూ చలికి భయపడి మానేసే నెలే అతనికి కావలసిన నెల కావడంతో దేవుడే తన తరఫున బేరమాడుతున్నాడనుకున్నాడు.

చివరికి క్రైస్ట్‌చర్చ్ ఊళ్లో నాలుగైదు పాత వ్యానులు పెట్టుకుని అద్దెకిచ్చే ఒక పెద్దాయన దొరికాడు. పద్దెనిమిదేళ్ల బండి, నలభై అయిదు రోజులకి. దేవీప్రసాద్ ఫోన్లో తెలుగులో మాట్లాడి, దాన్ని ఆ ఫోను చేతే ఇంగ్లీషు చేయించి, పూర్ణా మార్కెట్లో వంకాయలకి ఆడినట్టు వారం రోజులు బేరమాడాడు. ఆయన విసిగిపోయి ఒప్పుకున్నాడు. లైసెన్సు ఫోటో పంపితే బండి నీ పేర రాస్తానన్నాడు.

అక్కడ పడింది ముడి. వంద టన్నుల పైచిలుకు బరువుని గాల్లో నడిపించిన ఈ మహానుభావుడికి కారు లైసెన్సు లేదు. పట్టాల మీద తిరిగే క్రేనుకి రోడ్డు లైసెన్సు ఎవరూ అడగరు. ఉన్నదల్లా మోటారు సైకిలు లైసెన్సు.

"దానికేటి, నెల్లో తెచ్చీనా?" అన్నాడు భార్యతో.

భార్య కాంతం అప్పుడు పెరట్లో రేకుల షెడ్డు కింద బెండకాయ పులుసు దించుతోంది. ఆమె అతనికి మేనత్త కూతురు, అందుకే పెళ్లయి ముప్పై నాలుగేళ్లయినా బావా అనే పిలుస్తుంది. ఆరేళ్లుగా తమ్ముడు అప్పలసూరితో కలిసి అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి మధ్యాహ్నం క్యారేజీలు వండి పంపుతోంది. పంపుతోంది అనడం తప్పు, తీసుకెళుతోంది. తెల్లరంగు పాత ఓమ్నీ వ్యాను తనే నడుపుకుంటూ పదకొండున్నరకల్లా ఫ్యాక్టరీ గేటు దగ్గరుంటుంది. ఆమె డ్రైవింగు నేర్చుకుంటానన్న రోజున దేవీప్రసాద్ పడీపడీ నవ్వాడు. "నువ్వు బండెక్కినావంటే రోడ్డు మీద గేదెలు కూడా ఇంటికాడే ఉండిపోతాయి" అన్నాడు. కాంతం వెళ్లి నేర్చుకుంది.

"నాను నేర్పనా బావా?" అని అడిగింది ఇప్పుడు.

"నువ్వా?" అన్నాడతను. ఆ ఒక్క ముక్కలోనే జవాబుంది. గాజువాకలో ఒక డ్రైవింగు స్కూల్లో చేరాడు.

మొదటి పరీక్ష ఫిబ్రవరి నెలాఖరున, ఆర్టీవో ఆఫీసు ట్రాకు మీద. ఎనిమిది ఆకారంలో తిప్పమన్న చోట చక్కగా తిప్పాడు. తరవాత సందులాంటి గీతల మధ్య నుంచి వెనక్కి రావాలి. రివర్సు గేరు వేశాడు. బండి కదల్లేదు. అంటే అతను కదిలించలేదు. అద్దాల్లో చూడకుండా కిటికీలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాడు. గోడ మీద గడియారంలో సెకన్లు పోతున్నాయి.

ఇన్‌స్పెక్టరు మైకులో పిలిచాడు. "ఏమండీ, ఎందుకాగిపోయారు?"

"కింద మనిషి లేడు కదండీ" అన్నాడు దేవీప్రసాద్.

"ఏ మనిషి?"

సిగ్నల్ మనిషి. క్రేను కింద నేల మీద నిలబడి, పైవాడికి చేతులతో ఎత్తు, దించు, ఆపు అని చూపించే మనిషి. ఆ మనిషి చెయ్యి ఊపకుండా క్రేను అంగుళం కూడా కదలకూడదు. కదిలితే ప్రాణాలు పోతాయి. ఇరవై ఏళ్ల పాటు అతనికి పైడయ్య సిగ్నలిచ్చాడు. పైడయ్య చెయ్యి కనబడకపోతే దేవీప్రసాద్ చెయ్యి మీటని ముట్టుకునేది కాదు. ఇది అలవాటు కాదు, ఒంట్లో ఎముక. ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకి ఎలా చెప్పడం? చెప్పబోయేలోపు టైమైపోయింది. వరసలో నిలబడ్డ కుర్రకారు నవ్వారు. ఫెయిలు.

రెండోసారి మార్చిలో వెళ్లాడు. ఈసారి ఆగకూడదని పళ్లు బిగించి వెనక్కి వచ్చాడు, వచ్చి ట్రాకు అంచున కట్టిన గట్టుని గుద్దాడు. మళ్లీ ఫెయిలు. ఎండలు ముదిరాయి, అతని కోపమూ ముదిరింది. ట్రాకు మీద, గట్టు మీద, ఆ గట్టు కట్టిన మేస్త్రీ మీద కూడా కోపమే. కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేశాడు. కాంతం ఆ కంచం తీసి తనే తినేసి, ఉప్పు సరిగ్గానే ఉందని చెప్పి, పనిలోకి వెళ్లిపోయింది.

ఏప్రిల్లో మూడోసారి పాసయ్యాడు. ఆ ఆనందంలో కిలో మాడుగుల హల్వా తెచ్చి వీధి వీధంతా పంచి, జూన్‌లో మేమిద్దరం న్యూజిలాండ్ వెళ్తున్నామని చాటాడు. కార్డు చేతికి రాగానే ఫోటో తీసి క్రైస్ట్‌చర్చ్ పెద్దాయనకి పంపాడు.

మర్నాడు జవాబొచ్చింది. ఆయన రాసింది ఇంతే. మీ కారు లైసెన్సు పోయిన వారం ఇచ్చినది. మా ఇన్సూరెన్సు వాళ్లు కనీసం ఏడాది పాతదై ఉండాలంటారు. ఈ షరతు మొదటి రోజే పంపిన కాగితంలో ఉంది.

నిజంగానే ఉంది. అద్దె సంగతి ఉన్న పేజీని దేవీప్రసాద్ పాతికసార్లు చదివాడు, దాని వెనక పేజీని ఒక్కసారీ చదవలేదు. రెండు నెలలు ఆరా తీశాడు, మూడు నెలలు గట్టుతో పోరాడాడు. ఆ మొదటి రోజే వెనక పేజీ తిప్పి ఉంటే ఈ బాధంతా లేదు. ఎవరి మీద అరవాలో తెలియక ఫోను మీద అరిచాడు. నేను ముప్పై ఒక్క ఏళ్లు కరిగిన ఉక్కుని మోశాను, ఒక్క చుక్క ఒలకబొయ్యలేదు అని రాసి పంపాడు. పెద్దాయన మర్యాదస్తుడు. చాలా గొప్ప పని చేశారు, అయినా ఏడాది కావాలి అన్నాడు. ఇంకో జంట ఈ బండే అడుగుతున్నారని, శనివారం దాకా మాత్రమే ఆగగలనని కూడా రాశాడు.

ఆ రోజు మంగళవారం. బుధవారమంతా వేరే కంపెనీల్ని అడిగాడు. కొందరిదీ అదే షరతు. కొత్త లైసెన్సైనా సరేనన్నవాళ్ల అద్దె చూస్తే విమానం కొనుక్కున్నట్టుంది. గురువారం ఏమీ తోచక వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు. అలా తిరుగుతుంటే మళ్లీ షెడ్డులోనే ఉన్నట్టనిపించి ఏడుపొచ్చినంత పనైంది. ఈ ఒక్కటి జారిపోతే ఇంక జన్మలో కదలలేనని భయమేసింది. వచ్చే ఏడాది అనే మాట అరవై దాటినవాడి చెవికి వేరేగా వినిపిస్తుంది.

శుక్రవారం పొద్దున్న పెరట్లోకి వచ్చాడు. అప్పలసూరి క్యారేజీలకి మూతలు బిగిస్తున్నాడు. కాంతం అన్నం వారుస్తోంది.

"ఒరే సూరీ, నీ లైసెన్సు ఎన్నేళ్ల నాటిది?" అనడిగాడు దేవీప్రసాద్. "నువ్వు కూడా వచ్చీరా మాతోటి. నీ టికెట్టు నాను పెట్టుకుంటాను. బండి నీ పేరన రాయిద్దుం."

అప్పలసూరి చేతిలో మూత కింద పెట్టాడు. "నాకు లైసెన్సేటి బావా? నాకు స్కూటరే సరిగ్గా రాదు. ఆరేళ్ల నుంచి బండి నడిపేది అక్క కదా" అన్నాడు.

కాంతం గిన్నె నిలబెట్టి, మసిగుడ్డతో చేతులు తుడుచుకుని, కొంగు దోపుకుంది. ఆమె గొంతు పెంచలేదు.

"మూడు నెల్ల నుంచీ సూస్తన్నాను బావా. కంపినీలన్నిట్నీ అడిగినావు. సముద్రం అవతల ముసిలాయన్నడిగినావు. స్కూటరు రానోడ్ని కూడా అడిగీసినావు. ఇద్దరం ఎల్తన్నామని ఊరందరికీ హల్వా ఎట్టినావు. వత్తావేటే అని నన్నొక్క పాలైనా అడిగినావా?"

నిజమే. అడగలేదు. బండి నడపమని సరే, అసలు వస్తావా అని కూడా అడగలేదు. ఆమె లైసెన్సు ఇంట్లోనే, గోద్రెజ్ బీరువాలో ఆధార్ కార్డు పక్కనే ఉందని అతనికి తెలుసు. తెలిసీ అటువైపు మనసు పోలేదు. పోనివ్వలేదు. అతనికి సిగ్గేసింది, ఆ సిగ్గు మీద మళ్లీ కోపమొచ్చింది, ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో ఈసారి బాగానే తెలిసింది.

"వత్తావా కాంతం?" అన్నాడు కిందికి చూస్తూ.

"ఫోనియ్యి" అందామె.

పీట మీద కూర్చుని బండి బొమ్మలు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది. గేర్లా, ఆటోమేటిక్కా? అతనికి తెలియదు. టైర్లు ఎప్పుడు మార్చారు? తెలియదు. గ్యాసు ఎన్నాళ్లకొకసారి నింపాలి? మంచు మీద నడపడానికి చక్రాలకి ఏదైనా కడతారా? అదీ తెలియదు. ఆ బండిలో అతను చూసింది మంచం, కిటికీలోంచి కనబడే కొండ, అంతే. ఆమె అడిగినవన్నీ అప్పటికప్పుడు పెద్దాయనకి పంపితే పది నిమిషాల్లో జవాబులొచ్చాయి. ఇన్నాళ్లకి పనికొచ్చే ప్రశ్నలు అడిగారు అన్నాడట ఆయన.

"నలభై అయిదు రోజులు కుదర్దు. నాలుగు వారాలు, అంతే" అంది కాంతం. "జూలైలో కొత్త ఫేక్టరీ క్యారేజీలు మొదలు. అంతవరకూ సూరి ఆటో మాట్లాడుకుంటాడు. నాలుగు వారాలైతే తగ్గించిన అద్దె ఉంటాది కదా?"

ఉంటుంది. కానీ నలభై అయిదు రోజుల దారి గీసుకున్న పటం అతని దిండు కింద ఉంది. దక్షిణం కొస దాకా వెళ్లాలని ఎర్ర సిరాతో గీశాడు. అయినా సరేనన్నాడు.

ఫారంలో డ్రైవరు పేరన్న చోట కాంతం తన పేరు తనే కొట్టింది, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. దాని కింద రెండో డ్రైవరుకి ఒక గడి ఉంది. అతని లైసెన్సు చెల్లదు కాబట్టి దాన్ని ఖాళీగా వదిలింది. ఇంకా కిందున్న ప్రయాణికుల గడిలో దేవీప్రసాద్ అని రాసింది. శుక్రవారం మధ్యాహ్నానికల్లా బండి ఖాయమైపోయింది. దేవీప్రసాద్‌కి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు అప్పలసూరికి జ్వరం వచ్చింది. క్యారేజీలు మొయ్యడానికి దేవీప్రసాద్ వెళ్లక తప్పలేదు. వాళ్ల వీధి ఇరుకు, ఓమ్నీని మెయిన్ రోడ్డు దాకా వెనక్కే తియ్యాలి. అటు గోడ, ఇటు కాలవ. కాంతం రివర్సు గేరు వెయ్యగానే అతను దిగి వెనక్కి పరుగెత్తాడు. బండి వెనకాల, అద్దాల్లో కనబడే చోట నిలబడి, పైడయ్య ఎలా పెట్టేవాడో అలాగే చేతులు పైకి పెట్టాడు. రా, రా, కొంచెం ఎడమకి, ఆపు. ఇరవై ఏళ్లు పైనుంచి చూసిన చేతులవి.

కాంతం ఆ చేతులు చూడలేదు. ఈ అద్దంలో గోడ, ఆ అద్దంలో కాలవ చూసుకుంటూ, అతను ఆపమన్నచోట ఆపకుండా, ఆపనవసరం లేదు కాబట్టి, ఒక్క తడవలో బండిని వీధి బయటికి తీసేసింది. అతనే పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. ఆరేళ్లుగా ఆమె రోజూ ఈ వీధిలోంచి ఇలాగే, వెనక ఎవరూ లేకుండానే వెళుతోంది.

"ఎక్కు బావా" అంది కిటికీలోంచి. "పులుసు సల్లారిపోద్ది."

దేవీప్రసాద్ చేతులు దించుకుని, చుట్టూ తిరిగి వచ్చి, ఎడమవైపు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.