తెర మీద ఉంచిన పుస్తకం

నిన్న లింగంపేట నుంచి బాగుచేయడానికి వచ్చిన ఒక పాత కంప్యూటర్ మూత విప్పగానే దుమ్ముతో పాటు బీడీ పొగాకు వాసన గుప్పున లేచింది. బీడీలు చుట్టే గదిలోనే దాన్ని ఉంచి ఉంటారు. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చే మిషన్లతో ఎల్లారెడ్డిలో ఎస్తేరక్క దుకాణం నిండా ఇదే వాసన ఉండేది. ఈరోజు కామారెడ్డిలో నాకంటూ ఒక దుకాణం ఉందంటే, అది ఆమె నేర్పిన పని వల్లే.

ఆమె దగ్గర నాలుగేళ్ళ రెండు నెలలు పనిచేశాను. మొరాయించే కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి, దాన్ని నడిపించే ఓఎస్‌ను పెన్ డ్రైవ్‌తో కొత్తగా ఎక్కించడం మా ముఖ్యమైన పని. తుడిచే ముందు ఎస్తేరక్క యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, లోపలున్న ఫోటోలూ కాగితాలూ ఒక్కొక్కటే చూపించి, చివరి బటన్‌ను అతని చేతనే నొక్కించేది. ఒకసారి రామారెడ్డి ఊరి రైతు ఒకాయన చెయ్యి వెనక్కు లాక్కున్నాడు.

"నాకేం ఎర్క మేడం, మీరే నొక్కుండ్రి."

"నీ ఇంట్ల సామాను నేను పారేస్తె ఊకుంటవా బాపు? నొక్కు, కరవదు."

ఏ మిషన్‌కు ఎన్ని నిమిషాలు పట్టిందో డైరీలో రాసుకునే అలవాటు నాది. ఈ చూపించడానికే సగటున పద్దెనిమిది నిమిషాలు పోయేవి. లెక్క చూపించి, "గిట్లైతే ఎట్లక్కా?" అన్నాను. "రైలు నడుపుతున్నవా తమ్మీ?" అని నవ్వి ఊరుకుంది.

నేను కామారెడ్డికి మారిన కొన్నేళ్ళకు ఆమె చూపు మందగించింది. దుకాణం మూసేసి, ఇంట్లో కూర్చుని ఒక పుస్తకం రాయసాగింది. ఇంగ్లీషు రానివాళ్ళు సొంతంగా ఓఎస్ ఎక్కించుకునేలా, పెన్ డ్రైవ్ పెట్టడం మొదలు తీయడం దాకా తెలుగులో. రెండేళ్ళలో అరవై రెండు పేజీలు అయ్యాయి.

ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళేసరికి ఆమె చర్చిలో ఉంది. ఆమె కంప్యూటర్ తెరుచుకోవడానికే ఏడు నిమిషాలు పడుతోందని అంతకుముందే ఫోన్‌లో చెప్పింది. తిరిగొచ్చేలోగా కొత్తది చేసి ఆశ్చర్యపరచాలనుకున్నాను. దాచుకోవలసినవన్నీ కంప్యూటర్‌లో మేం తుడవని రెండో డ్రైవ్‌లో పెట్టుకోమని ఊరందరికీ చెప్పిన మనిషి కదా, తనవీ అక్కడే ఉంటాయన్న ధీమాతో తెర వెలిగే దాకా కూడా ఆగలేదు. పెన్ డ్రైవ్ పెట్టి, మొదటి డ్రైవ్‌ను తుడిచేశాను. ముప్పై నాలుగు నిమిషాల్లో పని పూర్తయింది.

ఆమె వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. "అబ్బ, గంత జల్దీ వచ్చిందే!" అని మురిసిపోయింది. తరువాత కళ్ళద్దాలు సర్దుకుని తెరకు ముఖం ఆనించి వెతికింది.

"నా పుస్తకమేది తమ్మీ?"

చూపు ఆనక, ఎదురుగా కనిపించేలా తెర మీదే పెద్ద బొమ్మగా పెట్టుకుందట. తెర మీద ఉన్నవన్నీ మొదటి డ్రైవ్‌తోనే పోతాయి. తెలిసిన ఉపాయాలన్నీ సాయంత్రం దాకా ప్రయత్నించాను. వచ్చినవి అర్థం లేని గుర్తులు.

"నన్నడిగితే అయిపోతుండె గదరా," అంది. నేను లేస్తుంటే, "మల్ల రాద్దాం తియ్యి. నేను జెప్త, నువ్వు రాయి. వచ్చే ఆదివారం రా," అంది.

ఆ తరువాతి ఏడు ఆదివారాలకూ నా డైరీలో 'వీలు కాలేదు' అని ఉంది. నిజానికి వీలైంది. ఆమె ఎదుట కూర్చునే ధైర్యమే లేకపోయింది. ఎనిమిదో ఆదివారం ఆమె సమాధి మీద మట్టి వేసి వచ్చాను.

ఆ నెలలోనే పుస్తకం మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. పని తెలుసు కనుక మెట్లన్నీ వరుసగా వచ్చాయి. అన్నీ తుడిచేయమంటావా అని యంత్రం అడిగే చోట, భయపడేవాళ్ళ కోసం ఆమె తన పుస్తకంలో నాలుగు మాటలు రాసింది. ఒకరోజు నాకు ఫోన్‌లో చదివి వినిపించింది కూడా. అప్పుడు నా కళ్ళు మరో మిషన్ తెర మీద పెరుగుతున్న శాతాల మీద ఉన్నాయి. "బాగుందక్కా," అన్నాను. ఒక్క మాటా వినలేదు. అందుకే ఆ చోటు ఖాళీగానే వదిలేశాను.

నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు ఆ కాగితాలే ఇస్తాను. ఆ పేజీ దగ్గరికి రాగానే వాళ్ళు ఆగి నా వైపు చూస్తారు. చేతిలో పని వదిలేసి వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఏం చెప్పాలో మాత్రం ఇంకా తెలియదు.