మైకులో పిలిచిన పేరు

సాలూరు బస్సులో నా పక్కన కూర్చున్నావిడ మెడలో అంతర్జాతీయ భాషాబోధన సదస్సు బ్యాడ్జీ ఉంది. అలాంటి సదస్సుల గురించి గ్రంథాలయంలో చదివినవాణ్ణి కనుక ఉత్సాహంగా అడిగాను.

"మీరు పత్రం చదివారా అమ్మా?"

"నాకేటి తెలుసు బాబూ. రాసింది మా ఆయన, మేస్టారు. సవర పిల్లలకి తెలుగెలా సెప్పాలో రాసినారు. పిలుపొచ్చేసరికి ఆయనే లేరు."

బస్సు ఊగినప్పుడల్లా తిరగబడుతున్న బ్యాడ్జీని, ఆయన పేరు పైకి కనబడేలా సర్దుకుంటోంది.

"మరి మీరెందుకు వెళ్లారు?"

"మైకులో ఆయన పేరు పిలుస్తారు కదా, ఇందామని. పిలిసినారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన రాలేదనుకుని ఇంకొకర్ని పిలిసేసినారు."

రామభద్రపురంలో ఆమె దిగిపోయింది.

ఇప్పుడు గ్రంథాలయంలో ఏ పుస్తకం తెరిచినా, రాసినవారి పేరు ముందు మెల్లగా పైకి చదువుతాను.