పడి విరగలేదు, విరిగి పడింది

నా పేరు నాగరత్తమ్మ. వయసు డెబ్బై ఆరని ఆధార్ కార్డులో ఉంది, రెండేళ్ళు అటూ ఇటూ. జగ్గయ్యపేటలో మా మరిది వాళ్ళూ మేమూ ఒకే ప్రహరీలో రెండు వాటాలుగా ఉంటున్నాం. నా మొగుడు పోయాడు. నా వాటాలో నేనూ, కొడుకూ, కోడలూ. మా మరిది భార్య, అంటే నా తోటికోడలు, పోయిన మంగళవారం నందిగామ ఆసుపత్రిలో చనిపోయింది. "పరమపదించారు అని రాయనా మామ్మగారూ?" అంది ఇది రాసిపెడుతున్న పక్కింటి షకీలా. చనిపోయింది అనే రాయమన్నా. నాకు చదువు రాదు. పెద్దకర్మ నాడు భోజనాలకి ముందు దీన్ని అందరికీ వినపడేలా చదవాలి.

ఎందుకంటే ఒక మాట తిరుగుతోంది. పోయినామె కోడలు తడిబట్ట పెట్టి నేల ఆరనివ్వలేదనీ, అత్త జారిపడి తుంటి విరగ్గొట్టుకుందనీ. మొదలుపెట్టింది పోయినామె కూతురు. "మా అమ్మ ఫొటో ముందు దీపం వదినని పెట్టనివ్వను" అంటోంది. ఆ కోడలు పిల్ల వారం నుంచి వంటిల్లు దాటి బయటికి రావడం లేదు.

తడిబట్ట పెట్టింది వంటింట్లో. మా తోటికోడలు కూర్చున్నది వరండాలో, పొడి నేల మీద, నా ఎదురుగా. ఇద్దరం గోంగూర వలుస్తున్నాం. "జల్లెడ తెస్తానుండక్కా" అని లేచింది. ఒక అడుగేసి పక్కకి తిరిగింది. పుల్ల విరిచినట్టు చప్పుడైంది. ఆ తర్వాత పడింది. చప్పుడు ముందు, పడటం తర్వాత. నా చెవులు బాగానే పనిచేస్తాయి.

నందిగామ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకి ఇదే చెప్పా. ఆయన ఎక్స్‌రే ఫిలిం వెలుగుకి పెట్టి చూసి, "అలా కూడా జరుగుతుందండి. లోపల ఎముక గుల్లబారిపోయింది" అన్నాడు. ఇక ఒక్కొక్కటే అడిగాడు. నేను చెప్పుకుంటూ పోయా.

వాళ్ళింట్లో రెండు గేదెలుండేవి. పాలు కేంద్రానికి, మిగిలినవి పిల్లలకి. తనకి టీ నీళ్ళు. "నాకేమక్కా, గుండ్రాయిలా ఉన్నా" అనేది. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఒకాయన ఇచ్చిన తెల్ల మాత్రలు ఏళ్ళ తరబడి మింగింది. మొహం ఉబ్బితే ఒళ్ళు చేసిందనుకున్నాం. ఒకసారి బక్కెట్ ఎత్తబోతే మణికట్టు విరిగింది. కట్టు కట్టించి వయసు అనుకున్నాం.

మనిషి పొట్టిదైపోయింది కూడా. "కుచ్చిళ్ళు నేల ఊడుస్తున్నాయి, భూమిలోకి దిగిపోతున్నావా ఏమే?" అన్నా. "ఈమధ్య చీరలు పొడుగు నేస్తున్నారక్కా" అంది. ఇద్దరం నవ్వాం.

నాకు జ్వరమొస్తే నా వాకిలి ఊడ్చి ముగ్గేసి వెళ్ళేది. ఆ మాట చెప్పేది కాదు. గీత తిన్నగా ఉంటే ఆమె వేసిందని తెలిసేది, నాది వంకర.

ఇప్పుడు నా సంగతి. ఆమెకి ముప్పై ఒకటో ఏట నెలనెలా రక్తం బాగా పోయేది. "పిల్లలు పుట్టారుగా, గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అని బస్సెక్కించి తీసుకెళ్ళింది నేనే. బల్ల మీద పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "మందులతో తగ్గదేమో ఒకసారి అడగవా అక్కా" అంది. "నోర్మూసుకుని పడుకో" అన్నా. అడగలేదు. అండాశయాలు కూడా తీసేసారని కాగితం ఇంటికొచ్చాక ఎవరో చదివి చెప్పారు. మాకవేంటో తెలీదు. అంత చిన్న వయసులో అవి పోతే ఎముక త్వరగా అరిగిపోతుందని ఈ డాక్టరు చెబితేనే తెలిసింది. పాలు తాగకపోవడం, ఆ తెల్ల మాత్రలు, ఈ ఆపరేషను, ఇవన్నీ కలిసే ఎముకని తినేసాయన్నాడు. తడిబట్ట ఊసు ఆయన ఎత్తలేదు.

కాబట్టి తప్పు వెతికేవాళ్ళు ముందు నా దగ్గరికి రండి. దీపం కోడలే పెడుతుంది.

ఇంకొకటి. పోయినామె కూతురికి నలభై. తనకీ అదే బాధ. ఈ నెలాఖరుకి గర్భసంచి ఆపరేషన్‌కి రోజు రాయించుకొచ్చింది. తీయక తప్పదంటే తీయించుకోనీ. ముందు ఇంకో డాక్టరమ్మకి చూపించాలి. మందులున్నాయా, అండాశయాలు ఉంచుతారా అని అడగాలి. పక్కన నేను కూర్చుంటా.

ఇది రాయిస్తున్నంతసేపూ ఆ కూతురు పిల్ల గుమ్మంలో నిలబడే ఉంది. "అడిగితే డాక్టరమ్మకి కోపం రాదా పెద్దమ్మా?" అంది.

"వస్తే రానీవే."

ఒక చెయ్యి ద్వారబంధం మీద, ఇంకో చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని, వాళ్ళ వంటింటి వైపు చూస్తోంది.

నాగరత్తమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: షకీలా, రాసినామె.
విజయ, పోయినామె కూతురు.